ఇల్లు, కొలువు ఒకే ఊళ్లో.. ఓ స్టెనో గీసిన సిటీ ప్లాన్

కాలేజీ గడప తొక్కలేదు. ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ చదవలేదు. పొట్టకూటికి నమ్ముకున్నది షార్ట్‌హ్యాండ్ ఒక్కటే. అయినా రెండు ఊళ్లకు పునాది వేయించి, నగరాల గురించి ప్రపంచం ఆలోచించే తీరునే మార్చేశారు ఎబెనెజర్ హోవర్డ్. ఉద్యోగం కోసం నగరానికి బ్యాగు సర్దుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన జీవితం ఇది.

సిటీ బిల్డింగ్ గేమ్స్ ఆడినవాళ్లకు స్క్రీన్ మీద కనిపించే మూడు రంగుల గీతలు బాగా గుర్తుంటాయి. ఆకుపచ్చ గీత పెరిగితే ఇళ్లకు డిమాండ్ ఉందని, నీలం పెరిగితే దుకాణాలు కావాలని, పసుపు పెరిగితే పరిశ్రమలు కావాలని అర్థం. 1989లో వచ్చిన సిమ్‌సిటీ అయినా, 2015లో వచ్చిన సిటీస్ స్కైలైన్స్ అయినా అసలు లెక్క ఇదే.

కొత్తగా ఆడేవాళ్లు చేసే పని ఒకటుంది. ఆకుపచ్చ గీత కనిపించగానే ఊరంతా ఇళ్ల స్థలాలు వేసేస్తారు. జనం బిలబిలమంటూ దిగిపోతారు. కాసేపటికి పసుపు గీత పైకి లేస్తుంది. వచ్చినవాళ్లకు పని లేదు. పని లేనివాళ్లు ఊరు వదిలేస్తారు, ఇళ్లు పాడుబడతాయి. సరే అని ఒకేసారి ఫ్యాక్టరీలు గుప్పిస్తే పనివాళ్లు దొరక్క అవి మూతపడతాయి. స్కైలైన్స్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. కాలేజీలు ఎక్కువ కట్టి అందరినీ చదివించేస్తే, చిన్న పనులకు మనుషులు దొరకడం కష్టమవుతుంది. ఊళ్లో ఖాళీ ఉద్యోగాలూ ఉంటాయి, ఉద్యోగం లేని డిగ్రీ హోల్డర్లూ ఉంటారు. ఈ సీను మనకు కొత్తేం కాదు కదా!

కంప్యూటర్ పుట్టకముందే ఈ లెక్కను కాగితం మీద వేసి, ఆ తర్వాత నేల మీద వేసి చూసిన మనిషి హోవర్డ్. గార్డెన్ సిటీ అనే మాటను ప్రపంచమంతా తిప్పింది ఆయనే. ఆ మాట ఇప్పుడు మన రియల్ ఎస్టేట్ బ్రోచర్లలో కూడా కనిపిస్తుంది. కానీ అందులో ఆయన పెట్టిన అసలు సరుకు మాత్రం చాలాచోట్ల కనిపించదు. అదేంటో తెలియాలంటే ఆయన కథలోకి వెళ్లాలి.

మిఠాయి దుకాణం నుంచి గుమస్తా కుర్చీకి

హోవర్డ్ 1850 జనవరి 29న లండన్‌లో పుట్టారు. తండ్రిది మిఠాయిలు, బేకరీ వ్యాపారం. డబ్బున్న కుటుంబం కాదు, అలాగని పస్తులున్న కుటుంబమూ కాదు. నాలుగైదేళ్ల వయసులోనే బోర్డింగ్ స్కూల్‌లో వేశారు. పల్లెటూళ్ల దగ్గర ఉన్న ఆ స్కూళ్లలోనే పదిహేనేళ్లు వచ్చేదాకా చదివారు. అక్కడితో చదువు ఆగిపోయింది.

పదిహేనేళ్ల కుర్రాడికి దొరికిన మొదటి కొలువు ఒక స్టాక్ బ్రోకర్ ఆఫీసులో గుమస్తా పని. రోజంతా ఉత్తరాలకు నకళ్లు రాయడమే. ఆ తర్వాత ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మారారు. ఎక్కడా ఎదుగుదల కనిపించలేదు. అప్పుడే సొంతంగా పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నారు. మన దగ్గర ఒకప్పుడు ప్రతి టౌన్‌లో టైప్, షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్ బోర్డులు కనిపించేవి. ఆ విద్యే ఇది. డిగ్రీ లేని కుర్రాడికి అది ఒక స్కిల్ సర్టిఫికెట్ లాంటిదైంది. కొన్నాళ్లు జోసెఫ్ పార్కర్ అనే పేరున్న మతబోధకుడి దగ్గర ప్రసంగాలు రాసుకునే కార్యదర్శిగా కూడా పనిచేశారు.

160 ఎకరాలు.. ఒక్క సీజన్

21 ఏళ్లు వచ్చాయి. లండన్‌లో గుమస్తాగానే మిగిలిపోతానేమో అన్న భయం. 1871లో ఇద్దరు స్నేహితులతో కలిసి అమెరికా ఓడ ఎక్కారు. అప్పట్లో అమెరికా ప్రభుత్వం సాగు చేసుకుంటామన్నవాళ్లకు 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చేది. నెబ్రాస్కాలో అలాంటి భూమి తీసుకుని, చెక్కలతో గుడిసె వేసుకుని, మొక్కజొన్న, బంగాళాదుంపలు, దోసకాయలు, పుచ్చకాయలు వేశారు. సేద్యం తెలియని పట్నం కుర్రాడు. కొన్ని నెలలకే చేతులెత్తేశారు.

ఆ ఓటమి ఆయనకు ఒక విషయం నేర్పింది. అక్కడ నేల ఉంది, గాలి ఉంది, ఆకాశం ఉంది. కానీ ఆయనకు తెలిసిన పనికి ఆ చుట్టుపక్కల గిరాకీ లేదు, నలుగురు మనుషులతో మాట్లాడే వీలూ లేదు. ఆటలో చెప్పాలంటే ఆకుపచ్చ గీత తప్ప మిగతా రెండూ లేని మ్యాప్ అది.

అక్కడి నుంచి షికాగో వెళ్లారు. మళ్లీ షార్ట్‌హ్యాండే కాపాడింది. కోర్టుల్లో, పత్రికలకు రిపోర్టర్‌గా పని దొరికింది. 1871 అక్టోబరులో షికాగోలో భారీ అగ్నిప్రమాదం జరిగింది. సుమారు లక్ష మంది ఇళ్లు కోల్పోయారు. హోవర్డ్ ఉన్న రోజుల్లో ఆ నగరం బూడిదలోంచి మళ్లీ లేస్తోంది. పార్కుల కోసం స్థలం వదలడం, శివార్లలో చెట్లమధ్య ఇళ్లు కట్టడం ఆయన కళ్లారా చూశారు. తోటలు ఎక్కువగా ఉండటంతో షికాగోకు అప్పట్లో గార్డెన్ సిటీ అనే ముద్దుపేరు కూడా ఉండేది. నగరం దానంతటదే పెరిగే అడవి లాంటిది కాదని, మనుషులు కూర్చుని నిర్ణయిస్తే దాన్ని వేరేలా కట్టొచ్చని ఆయనకు అర్థమైంది అక్కడే అనుకోవాలి.

పార్లమెంటులో పెన్సిల్

1876లో లండన్ తిరిగొచ్చి, పార్లమెంటుకు అధికారికంగా రిపోర్టింగ్ చేసే గర్నీస్ సంస్థలో చేరారు. ఆ తర్వాత సొంతంగానూ ఇదే పని చేశారు. కమిటీల ముందు, కోర్టుల ముందు ఎవరేం మాట్లాడినా అక్షరం పొల్లుపోకుండా రాయడమే ఉద్యోగం. పేరు బయటికి రాని పని. జీతమూ అంతంతమాత్రమే.

కానీ ఆ కుర్చీలో కూర్చుని ఆయన విన్నదేంటో చూడండి. ఆ కాలపు బ్రిటన్‌ను పీడించిన సమస్యలన్నీ ఆ చెవుల ముందు నుంచే వెళ్లాయి. పల్లెల్లో వ్యవసాయం దెబ్బతింది. కూలీలు లండన్‌కు వలస వస్తున్నారు. 1901 నాటికి లండన్, దాని శివార్లు కలిపి జనాభా సుమారు 65 లక్షలు. ఒక్క గదిలో కుటుంబం మొత్తం ఉండటం, మురుగు, రోగాలు, జీతంలో పెద్ద ముక్క అద్దెకే పోవడం మామూలైపోయాయి. పల్లె ఖాళీ అవుతోంది, పట్నం కిక్కిరిసిపోతోంది. అన్ని పార్టీలవాళ్లూ ఇది సమస్యేనని ఒప్పుకునేవారు. పరిష్కారం దగ్గరికి వచ్చేసరికి ఎవరి దారి వారిదే.

1879లో ఎలిజబెత్ ఆన్ బిల్స్‌ను పెళ్లి చేసుకున్నారు. నలుగురు పిల్లలు. ఇల్లు గడవడమే కష్టం. పైగా ఆయనకు యంత్రాల పిచ్చి. టైప్‌రైటర్‌ను మెరుగుపరచాలని, షార్ట్‌హ్యాండ్ కొట్టే యంత్రం తయారు చేయాలని సంపాదించిందంతా అందులో పోసేవారు. ఆ ప్రయోగాల్లో పెద్దగా లాభం వచ్చింది లేదు. కానీ విడిభాగాలు ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేయాలో ఆలోచించే అలవాటు మాత్రం వచ్చింది. నగరాన్ని కూడా ఆయన ఒక యంత్రంలాగే చూశారు. ఒక చక్రం తిరగాలంటే పక్క చక్రమూ తిరగాలి.

1888లో ఎడ్వర్డ్ బెల్లమీ రాసిన లుకింగ్ బ్యాక్‌వర్డ్ అనే నవల చేతికొచ్చింది. 2000 సంవత్సరంలో బోస్టన్ నగరం ఎలా ఉంటుందో ఊహించిన పుస్తకం అది. దాన్ని చదివి కదిలిపోయిన హోవర్డ్, బ్రిటన్‌లో అది అచ్చు కావడానికి తోడ్పడ్డారు. అయితే అందులోలా అంతా ప్రభుత్వమే నడిపే పద్ధతి ఆయనకు నచ్చలేదు. జనమే ఒక సంఘంగా కలిసి ఊరు కట్టుకోవడం ఎలా అన్న దారిలో ఆలోచన మొదలైంది. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో ఒక పదేళ్లు ఆ ఆలోచననే చెక్కుతూ వచ్చారు.

మూడు అయస్కాంతాలు

రాసిన పుస్తకాన్ని అచ్చు వేసేవాళ్లు లేరు. చివరికి ఒక అమెరికన్ మిత్రుడు ఇచ్చిన 50 పౌండ్ల సాయంతో 1898లో అది బయటికొచ్చింది. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు. 1902లో కొద్ది మార్పులతో గార్డెన్ సిటీస్ ఆఫ్ టుమారో అనే పేరుతో మళ్లీ వచ్చింది. ఇప్పటికీ ఆ పేరుతోనే దాన్ని చదువుతున్నారు.

అందులో ఒక బొమ్మ చాలా ఫేమస్. మూడు అయస్కాంతాలు, మధ్యలో జనం. మొదటి అయస్కాంతం పట్నం. అక్కడ ఉద్యోగాలున్నాయి, జీతాలున్నాయి, సందడి ఉంది. దాంతోపాటే అద్దెలు, పొగ, ఆఫీసుకు దూరం, ఒంటరితనం ఉన్నాయి. రెండోది పల్లె. గాలి, నీళ్లు, చవక అద్దెలు ఉన్నాయి. పని లేదు, కాలక్షేపం లేదు. జనం పట్నం వైపు పోతున్నారంటే వాళ్లది తప్పు కాదని, అక్కడి అయస్కాంతం బలంగా ఉందని హోవర్డ్ వాదన. వాళ్లను తిట్టినా, బతిమాలినా లాభం లేదు. ఇంకా బలమైన మూడో అయస్కాంతం తయారు చేయాలి. ఉద్యోగమూ, ఇల్లూ, పొలమూ నడిచి వెళ్లే దూరంలో ఉండే ఊరు కట్టాలి.

దానికి ఆయన వేసిన కొలతలు చూస్తే గేమ్ మెనూ చూసినట్టే ఉంటుంది. మొత్తం 6,000 ఎకరాలు. అందులో నడుమ 1,000 ఎకరాల్లో ఊరు, చుట్టూ 5,000 ఎకరాల్లో పొలాలు. ఊళ్లో 30,000 మంది, పొలాల దగ్గర 2,000 మంది. ఊరి మధ్యలో పార్కు, దాని చుట్టూ దుకాణాలు, తర్వాత వరుసల్లో ఇళ్లు, స్కూళ్లు. బయటి అంచున ఫ్యాక్టరీలు, గోదాములు, వాటిని కలుపుతూ రైలు మార్గం. ఎవరైనా ఇంటి నుంచి పనికి కొద్ది నిమిషాల్లో వెళ్లిపోవచ్చు. ఊరు నిండిపోతే పొలాల మీద పడి పెరగకూడదు. ఆ పొలాలు దాటాక రెండో ఊరు మొదలుపెట్టాలి. అలాంటి ఊళ్ల గుత్తిని రైళ్లతో కలపాలి. ఇది నమూనా మాత్రమేనని, అసలు ప్లాన్ దొరికే నేలను బట్టి ఉండాలని కూడా ఆయనే స్పష్టంగా రాశారు.

డబ్బు ఎక్కడి నుంచి?

ఇక్కడిదాకా కలలు చాలామందే కన్నారు. హోవర్డ్ ప్రత్యేకత ఏంటంటే, పుస్తకంలో ఎక్కువ పేజీలు బడ్జెట్‌కే ఇచ్చారు.

ఆయన లెక్క ఇలా సాగుతుంది. వ్యవసాయ భూమి ఎకరం 40 పౌండ్లకు దొరుకుతుంది. 6,000 ఎకరాలకు 2,40,000 పౌండ్లు. 4 శాతం వడ్డీకి అప్పు తెస్తే ఏటా 9,600 పౌండ్ల వడ్డీ. జనం వచ్చేకొద్దీ ఆ భూమి విలువ పెరుగుతుంది. మామూలుగా ఆ పెరుగుదల స్థలం యజమాని జేబులోకి పోతుంది. హోవర్డ్ ఊళ్లో భూమి అమ్మరు. ఊరి తరఫున ఒక సంస్థ దాన్ని ఉమ్మడిగా పట్టుకుని, అద్దెకు మాత్రమే ఇస్తుంది. వచ్చే అద్దెలోంచి వడ్డీ, అసలు తీరుస్తారు. మిగిలిన డబ్బుతో రోడ్లు, స్కూళ్లు, పార్కులు, ముసలివాళ్లకు పింఛన్లు.

ఈ భాగం మనకు ఎందుకు ముఖ్యమంటే, ఒక ఊళ్లో ఉద్యోగాలు పెరిగితే జీతాల కంటే ముందు అద్దెలు పెరుగుతాయి. కొత్త ఆఫీసు వచ్చిందన్న వార్తకే చుట్టుపక్కల స్థలాల రేట్లు లేస్తాయి. ఉద్యోగి శ్రమతో ఊరు ఎదుగుతుంది, ఆ లాభం స్థలం ఉన్నవాడికి వెళ్తుంది. ఈ తిరకాసును విప్పకపోతే ఇళ్లు, ఉద్యోగాల సంఖ్య ఎంత సరిపోయినా మనుషులకు ఊరు సరిపోదని హోవర్డ్ గ్రహించారు.

వానలో మొదలైన ఊరు

పుస్తకం రాగానే కొందరు మెచ్చుకున్నారు, ఇంకొందరు పగటికల అని నవ్వారు. హోవర్డ్ పట్టించుకోలేదు. ల్యాంటర్న్ స్లైడ్లు పట్టుకుని ఊరూరా తిరిగి ప్రసంగాలు ఇచ్చారు. మనిషి చూడ్డానికి సాదాసీదాగా, పాత కోటుతో ఉండేవారు. మాట్లాడటం మొదలుపెడితే మాత్రం జనం కదలకుండా వినేవారు. 1899లో గార్డెన్ సిటీ అసోసియేషన్ పుట్టింది. రాల్ఫ్ నెవిల్ అనే ప్రముఖ న్యాయవాది అధ్యక్షుడయ్యాక దానికి ఊపొచ్చింది.

అప్పటికే కొందరు ఫ్యాక్టరీ యజమానులు మంచి ఊళ్లు కట్టారు. చాక్లెట్ల క్యాడ్‌బరీవాళ్ల బోర్న్‌విల్, సబ్బుల లీవర్ కట్టిన పోర్ట్ సన్‌లైట్ అలాంటివే. సంఘం సమావేశాలు 1901లో, 1902లో అక్కడే జరిగాయి. అయితే ఒకే కంపెనీ చుట్టూ అల్లుకున్న ఊరికి, హోవర్డ్ ఊరికి తేడా ఉంది. ఒక్క యజమాని మీద ఊరంతా ఆధారపడితే, ఆ కంపెనీ దెబ్బతిన్న రోజు ఊరు కూడా దెబ్బతింటుంది. రకరకాల పరిశ్రమలు ఉంటే ఒకచోట పని పోయినా అదే ఊళ్లో ఇంకోచోట దొరుకుతుంది.

1903లో లండన్‌కు ఉత్తరంగా సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని లెచ్‌వర్త్ దగ్గర 3,818 ఎకరాలు కొన్నారు. ముందే తెలిస్తే రేట్లు పెంచేస్తారని 15 మంది యజమానులతో గుట్టుగా బేరాలు నడిపారు. ఆ ఏడాది అక్టోబరు 9న ప్రారంభోత్సవం. ఆరోజు జోరువాన. బురదలో వేసిన గుడారంలో వెయ్యి మందికి పైగా అతిథులు. ఊరి డిజైన్ బాధ్యత రేమండ్ అన్విన్, బ్యారీ పార్కర్ అనే ఆర్కిటెక్టులకు ఇచ్చారు.

ఊరి నిర్మాణం మొదలైన ఏడాదికే, 1904లో, భార్య ఎలిజబెత్ చనిపోయారు. పాతికేళ్లు అప్పులూ ప్రయోగాలూ భరించిన మనిషి, ఆ కొత్త ఊళ్లో కాపురం పెట్టకుండానే వెళ్లిపోయారు. 1905లో హోవర్డ్ ఒంటరిగా లెచ్‌వర్త్ చేరారు.

పసుపు గీత పెరగదు.. పచ్చ గీత ఆగదు

ఇప్పుడు అసలు పరీక్ష. ఖాళీ నేల మీద ఇళ్లు ముందా? ఫ్యాక్టరీలు ముందా? ఇళ్లు లేనిదే పనివాళ్లు రారు. పనివాళ్లు లేనిదే ఫ్యాక్టరీ రాదు. ఫ్యాక్టరీ లేనిదే ఇల్లు కట్టడానికి ఎవరూ డబ్బు పెట్టరు.

మొదట ఇళ్ల వైపు నుంచి మొదలుపెట్టారు. 1905లో చవక ఇళ్ల ప్రదర్శన పెట్టారు. 150 పౌండ్లలో పని చేసుకునేవాళ్లు ఉండదగిన ఇల్లు కట్టి చూపించాలన్నది పోటీ. సుమారు 60,000 మంది చూడ్డానికి వచ్చారు. ఊరికి మంచి ప్రచారం దొరికింది, ఇళ్లూ లేచాయి. తర్వాత పరిశ్రమలు ఒక్కొక్కటిగా రావడం మొదలైంది. ఎవ్రీమాన్స్ లైబ్రరీ పుస్తకాలు వేసే డెంట్ సంస్థ ప్రెస్ పెట్టింది. ఇంజినీరింగ్ షాపులు, బైండింగ్ పనులు వచ్చాయి. 1910లో ఆడవాళ్లు నడుముకు బిగించుకునే కార్సెట్లు తయారుచేసే స్పిరెల్లా అనే అమెరికా కంపెనీ వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో ఎక్కువమంది మహిళలే. లైబ్రరీ, స్నానాల గదులు లాంటి వసతులు కూడా ఉండేవి.

లెచ్‌వర్త్‌లో అతి పెద్ద చిక్కు మాత్రం అద్దె దగ్గర వచ్చింది. 150 పౌండ్ల ఇంటి అద్దె కూడా రోజుకూలీకి అందలేదు. నైపుణ్యం ఉన్న కార్మికుడు, గుమస్తా, టీచరు ఊళ్లో ఉండగలిగారు. మామూలు కూలీలు చాలామంది చుట్టుపక్కల పాత ఊళ్లలో ఉంటూ లెచ్‌వర్త్‌కు సైకిళ్ల మీద పనికొచ్చేవారు. ఉద్యోగం ఉంది, ఇల్లూ ఉంది, కానీ ఆ జీతానికి ఆ ఇల్లు రాదు. గేమ్‌లో గీతలు సమానంగా కనిపించినా సమస్య ఎక్కడ దాక్కుంటుందో దీన్ని చూస్తే అర్థమవుతుంది. సంఖ్యలు కలిస్తే సరిపోదు. దొరికే పనికి వచ్చే జీతం, దొరికే ఇంటికి కట్టే అద్దె కలవాలి.

డబ్బు విషయంలోనూ రాజీలు తప్పలేదు. ఊరిని కట్టే కంపెనీ వాటాదార్లకు ఏటా 5 శాతానికి మించి లాభం ఇవ్వకూడదని నియమం. అనుకున్నంత పెట్టుబడి రాలేదు. మొదటి డివిడెండ్ ఇవ్వడానికే పదేళ్లు పట్టింది. హోవర్డ్ డైరెక్టరే అయినా నిర్ణయాలు ఎక్కువగా వ్యాపారవేత్తల చేతుల్లోకి వెళ్లిపోయాయి. ఆయన దీనిపై గొడవ పడి బయటికి రాలేదు. మళ్లీ ప్రసంగాలకు బయల్దేరారు.

ఇంకో వైపు గార్డెన్ సిటీ అనే పేరు జనంలో పాకిపోయింది. శివార్లలో చెట్లు, తోటలతో కాలనీలు కట్టి ఆ పేరు తగిలించేయడం మొదలైంది. 1907లో మొదలైన హ్యాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ అందులో పేరున్నది. దాని డిజైనర్ కూడా అన్వినే. ఊరు అందంగా ఉంది. కానీ అందులో ఉండేవాళ్లు పనికి లండన్ వెళ్లాల్సిందే. హోవర్డ్ దృష్టిలో అది సగం ఊరే. పసుపు గీతను తీసేసి పచ్చ గీతను మాత్రం ఉంచుకుంటే రోడ్ల మీద ట్రాఫిక్ పెరుగుతుంది తప్ప ఊరు తయారవదు.

చేతిలో డబ్బు లేకుండా వేలంపాట

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. సైనికులు తిరిగొస్తున్నారు, ఇళ్లు చాలడం లేదు. హోవర్డ్ వెంట ఉన్న యువకులు, ముఖ్యంగా ఫ్రెడరిక్ ఆస్బర్న్, కొత్త పట్టణాలు కట్టే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలని గట్టిగా అడుగుతున్నారు. ప్రభుత్వం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు. అప్పటికే వయసు 69.

రైల్లో వెళ్లేటప్పుడు లండన్‌కు 30 కిలోమీటర్లకు కాస్త అటుగా, వెల్విన్ దగ్గర ఒక నేల ఆయన కంట్లో పడింది. 1919 మే 30న అది వేలానికి వచ్చింది. బయానా కట్టడానికి కూడా చేతిలో డబ్బు లేదు. స్నేహితుల దగ్గర తిరిగి కొంత పోగేశారు. వేలంలో 1,458 ఎకరాలు 51,000 పౌండ్లకు పాడేశారు. తీరా లెక్క చూస్తే బయానాకు ఇంకా తక్కువ పడింది. ఆయన తరఫున పాట పాడిన ఏజెంటే ఆ తేడా అప్పుగా సర్దారు. అనుచరులు తలలు పట్టుకున్నారు. అయినా ఆయన్ను వదిలేయలేక కంపెనీ పెట్టి పనిలోకి దిగారు.

1920లో వెల్విన్ గార్డెన్ సిటీ మొదలైంది. డిజైనర్ లూయీ ద స్వాసన్. ఈసారి మూడో గీతను కూడా మర్చిపోలేదు. పట్టణ కంపెనీయే పెద్ద స్టోర్ తెరిచింది. 1920ల మధ్యలో ష్రెడెడ్ వీట్ కంపెనీ తన భారీ ఫ్యాక్టరీని తెచ్చింది. అయితే లండన్ దగ్గర కావడంతో చాలామంది ఇల్లు ఇక్కడ, ఉద్యోగం అక్కడ అన్నట్టు రైలెక్కి తిరిగారు. పైగా రైలు పట్టాలకు ఒకవైపు మధ్యతరగతి ఇళ్లు, ఇంకోవైపు ఫ్యాక్టరీలు, కార్మికుల ఇళ్లు అన్న విభజన కూడా వచ్చింది. రెండో ఊరూ పూర్తిగా ఆయన గీసినట్టు రాలేదు.

హోవర్డ్ 1921లో వెల్విన్‌కు మకాం మార్చారు. 1927లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1928 మే 1న వెల్విన్‌లోని ఇంట్లో కన్నుమూశారు. చివరి రోజుల్లోనూ షార్ట్‌హ్యాండ్ యంత్రం మీద పని ఆపలేదు. రెండు ఊళ్లు కట్టించినా ఆస్తిపరుడు కాలేదు.

ఆ తర్వాత ఏం జరిగింది?

ఆస్బర్న్ లాంటి శిష్యులు పట్టు వదల్లేదు. 1946లో బ్రిటన్ కొత్త పట్టణాల చట్టం చేసింది. స్టీవనేజ్‌తో మొదలై, తర్వాతి దశాబ్దాల్లో దాదాపు 30 పట్టణాలు ఆ చట్టం కింద వచ్చాయి. ఒక స్టెనో రాత్రిళ్లు వేసుకున్న లెక్క, ఆయన పోయిన 18 ఏళ్లకు ప్రభుత్వ విధానమైంది.

లెచ్‌వర్త్ నిదానంగా పెరిగింది. 1930ల మొదట్లో జనాభా 14 వేలే. 2011 జనగణనలో 33 వేలు దాటింది. హోవర్డ్ కాగితం మీద రాసుకున్న అంకె 32 వేలు. ఆ అంకెను చేరడానికి వందేళ్లు పట్టింది. అక్కడి భూమిలో ఎక్కువ భాగం ఇప్పటికీ ఒక ఉమ్మడి ఫౌండేషన్ చేతిలో ఉంది. అద్దెల మిగులును ఊరి అవసరాలకే ఖర్చు చేస్తున్నారు.

మన దగ్గర చూస్తే, విశాఖ ఉక్కు కర్మాగారం పక్కన ఉక్కునగరం, రామచంద్రాపురంలో భెల్ టౌన్‌షిప్ లాంటివి ఇల్లు, పని పక్కపక్కన పెట్టిన ఊళ్లే. వాటిలోనూ ఒక బలహీనత ఉంది. ఊరు మొత్తం ఒకే కంపెనీ మీద నిలబడి ఉంటుంది.

జాబ్ ఆఫర్ చేతికొచ్చినప్పుడు..

హోవర్డ్ మూడు అయస్కాంతాల బొమ్మ మీకూ పనికొస్తుంది. ఆఫర్ లెటర్‌లో జీతం ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు. మూడు లెక్కలు వేసుకోండి.

* ఆఫీసుకు దగ్గర్లో గది అద్దె ఎంత? అడ్వాన్సు ఎంత? జీతంలో అది ఎన్నో వంతు?
* దూరంగా ఉంటే అద్దె ఎంత తగ్గుతుంది? రోజుకు ఎన్ని గంటలు, నెలకు ఎంత చార్జీ పోతాయి? గంటలను కూడా డబ్బుగానే లెక్కేయండి.
* ఈ ఉద్యోగం పోతే అదే ఊళ్లో మీ స్కిల్‌కు ఇంకో నలుగురు యజమానులు ఉన్నారా?

ఈ మూడూ కలిపి చూస్తే, పెద్ద సిటీలో వచ్చే జీతం కంటే చిన్న సిటీలో వచ్చే తక్కువ జీతమే మిగుల్చుతుందని కొన్నిసార్లు తేలుతుంది. కొన్నిసార్లు తేలదు. లెక్క మాత్రం వేయాల్సిందే.

ఈ రంగంలోకి రావాలంటే

* ఇంటర్‌లో మ్యాథ్స్ చదివినవాళ్లు బి.ప్లానింగ్‌లో చేరొచ్చు. జాతీయ సంస్థలకు జేఈఈ మెయిన్ పేపర్-2బి రాయాలి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ప్లానింగ్ కోర్సులున్నాయి.
* సివిల్, ఆర్కిటెక్చర్ చదివినవాళ్లు గేట్‌తో ఎం.ప్లానింగ్‌కు వెళ్లొచ్చు. జాగ్రఫీ, ఎకనమిక్స్, సోషియాలజీలో పీజీ చేసినవాళ్లకూ కొన్ని సంస్థల్లో అవకాశం ఉంటుంది. దరఖాస్తుకు ముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతలు సరిచూసుకోండి.
* మున్సిపాలిటీలు, పట్టణాభివృద్ధి సంస్థలు, టౌన్ ప్లానింగ్ విభాగాలు, ప్రైవేటు కన్సల్టెన్సీల్లో ఉద్యోగాలుంటాయి. జీఐఎస్, ఆటోక్యాడ్, స్ప్రెడ్‌షీట్ల మీద పట్టు ఉంటే ఫ్రెషర్లకు బాగా కలిసొస్తుంది.
* గేమ్ ఆడే అలవాటుంటే దాన్నీ వాడుకోండి. ఒక ఊరు కట్టి, ఇళ్లు, ఉద్యోగాల గీతలు ఎప్పుడు ఎందుకు తప్పాయో నోట్స్ రాయండి. తర్వాత అదే ప్రశ్నతో మీ సొంత టౌన్‌ను చూడండి. పొద్దున ఏడింటికి బస్టాండ్‌లో నిలబడితే ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి పనికి వెళ్తున్నారో తెలిసిపోతుంది. ప్లానింగ్ ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అంతకన్నా మంచి ప్రాజెక్టు ఉండదు.